తిరుగుదారిలో పోయిన వోల్టులు

పోయిన వానాకాలం ఏసుదాసు బాబాయి భూస్థాపనకు కిరందుల్ వెళ్ళాను. గీదంలో నా బ్యాటరీ కొట్టు ఒక పూట మూసి బస్సెక్కాను. ఆయన మాకు చుట్టం కాదు. మేమున్న రేకుల ఇళ్ళ వరసకీ రైల్వే క్వార్టర్లకీ మధ్య ఒక ముళ్ళ కంచె ఉండేది. ఆ కంచెకి అవతల మొదటి ఇల్లు ఆయనది. సిగ్నళ్ళు బాగుచేసే ఉద్యోగం. ప్రార్థనా పాటలూ అయ్యాక తిరుగు బస్సుకి ఇంకా వ్యవధి ఉందని గనుల టౌన్‌షిప్ లోపలికి నడిచాను. ఒకప్పుడు గార్డెన్ షెడ్డు ఉన్నచోట నేల చదును చేసి సిమెంటు పోశారు, మోటారు సైకిళ్ళు వరసగా నిలిపి ఉన్నాయి. షెడ్డు వెనక పల్లం మాత్రం అలాగే ఉంది. అక్కడ నిలబడితే పెద్దగా బాధేమీ కలగలేదు. నేను ఈనాటికీ తింటున్న అన్నం ఆ షెడ్డులో నేర్చుకున్న పనితో వచ్చేదే కనుక, ఆ పని ఎలా వచ్చిందో ఒకసారి సరిగ్గా రాసి పెట్టుకోవాలనిపించింది.

మా నాన్న అప్పన్న విజయనగరం వైపు నుంచి రైలు లైను పనికి వచ్చి, లైను అయిపోయాక ఇక్కడే ఉండిపోయినవాడు. అమ్మ నా చిన్నతనంలోనే పోయింది. ఇంట్లో నాన్న, నేను, నాయనమ్మ. కొండ మీంచి దిగే ముడిఖనిజం ఎర్రదుమ్ము మా ఊళ్ళో అన్నిటికన్నా ముందు లేచేది. తెల్లారేసరికి మంచినీళ్ళ బిందె మూత మీద, మడతపెట్టిన దుప్పటి అంచు మీద, దేవుడి పటం అద్దం మీద ఒక పొర కూర్చుని ఉండేది. తెల్లచీర కట్టే నాయనమ్మ చీరలన్నీ ఉతికి ఉతికి జామపండు లోపలి రంగుకి వచ్చేశాయి. ఆవిడ పొయ్యి ముందు కూర్చుని చుట్టని నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని పీల్చేది. మా వైపు ఆడవాళ్ళకి అది మామూలే గానీ, టౌన్‌షిప్ నుంచి వచ్చిన హిందీవాళ్ళు ఆవిడ నోరు తెరిచినప్పుడల్లా రెండడుగులు వెనక్కి వేసేవారు. నాన్న సాయంత్రం వచ్చి వాకిట్లో కిరసనాయిలుతో చేతులు తోముకుని, తర్వాత రంపప్పొట్టుతో, తర్వాత సబ్బుతో కడుక్కునేవాడు. అప్పుడుగానీ నాయనమ్మ కంచం పెట్టేది కాదు. పెట్టాక కూడా, "ఒరే, అన్నానికి పెట్రోలు వాసనొస్తంది. ఆ బండినే ఒండుకు తినీరాదా" అనేది. నాన్న నవ్వి తినేసేవాడు.

ఆ బండి గనుల టౌన్‌షిప్ వాళ్ళ చిన్న ట్రాక్టరు. స్కూటరు కంటే పెద్దది, ఎద్దుబండి కంటే చిన్నది. తోటపని కోసం చేసిన యంత్రం. గనులు తెరిచిన తొలిరోజుల్లో జపాను నుంచి వచ్చిందని అనేవారు. అతిథిగృహం ముందు గడ్డి కోయడం, నర్సరీకి ఎరువూ మట్టీ లాగడం, ఎండాకాలం నీళ్ళ డ్రమ్ములు మోయడం దాని పని. అలాంటివి మొదట మూడు ఉండేవట. నాకు ఊహ తెలిసేసరికి ఒకటే నడిచేది, మిగతా రెండూ దానికి విడిభాగాలిచ్చి అస్థిపంజరాలైపోయాయి. నాన్న కాంట్రాక్టు మీద దాని డ్రైవరు. కాంట్రాక్టు కాగితంలో మాలీ అని గానీ కూలీ అని గానీ లేదు, ఆ యంత్రం డ్రైవరు అనే ఉంది. యంత్రం ఉన్నన్నాళ్ళే ఆ పేరు.

నాన్న దాన్ని చూసుకునే తీరు షెడ్డులో అందరికీ ఒక వేడుక. మిగతా డ్రైవర్లు విశ్వకర్మ పూజకి తమ బండ్ల మీద దుమ్ము తుడిచి, పై పైన బ్రష్షు తిప్పి పసుపూ కుంకుమా పెట్టేవారు. నాన్న మాత్రం వారం ముందు నుంచే మొదలుపెట్టేవాడు. రేకులు ఊడదీసి, బోల్టులు విప్పి, పెచ్చులు లేచిన చోటల్లా పాతరంగు గీకి, ముందు ఎర్ర ప్రైమరు, ఆరాక దాని మీద ఆకుపచ్చ రంగు. బోల్టు తల మీద నుంచి రంగు పూసేయడం ఆయనకి నచ్చేది కాదు. బోల్టు తీసి, దాని కింద కూడా పూసి, ఆరాక మళ్ళీ బిగించేవాడు. "కనపడని చోటే తుప్పు ముందు పడతాది. ఒక్క మూల వదిలేసినా నాకు నిద్ర పట్టదు" అనేవాడు. ఇనుము దుమ్ములో బతికినవాళ్ళకి తుప్పంటే ఎంత భయమో బయటివాళ్ళకి చెప్పడం కష్టం.

ఇంటర్ పరీక్షల్లో నేను ఒక్క లెక్కల్లోనే పాసయ్యాను. మళ్ళీ కట్టమని నాన్న అన్నాడు గానీ కట్టలేదు. ఇంట్లో ఉండి వంటా నీళ్ళూ చూసుకుంటూ, కంచె పక్కనుంచి పోయే వ్యాగన్ల మీది అంకెలు కూడుకుంటూ, తొమ్మిదితో భాగారం పోతాయో లేదో చూసుకుంటూ గడిపేదాన్ని. మధ్యాహ్నం నాన్నకి క్యారేజీ పట్టుకెళ్ళడం నా పని. అలా వెళ్ళిన రోజుల్లోనే బండికి కరెంటు జబ్బులు మొదలయ్యాయి. ఒకరోజు లైటు వెలగదు, ఒకరోజు హారన్ మోగదు, ఒకరోజు తాళం తిప్పితే ఉలుకూ పలుకూ ఉండదు. నాన్నకి ఇంజను తెలుసు; శబ్దం విని వాల్వు సంగతి చెప్పగలడు. వైర్లంటే మాత్రం పాము పుట్టలా దూరంగా ఉండేవాడు. క్యారేజీ పట్టుకుని కంచె పక్క నుంచి పోతున్నప్పుడు ఏసుదాసు బాబాయిని అడిగాను, ఒకసారి వచ్చి చూడమని.

"నేనొచ్చి చూస్తే నాకు తెలుస్తాది. నీకేటి లాభం?" అన్నాడు. "లెక్కలొచ్చునంటావు కదా. రా, ఇలా కూర్చో."

వాకిట్లో ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి, ఒక చిన్న బల్బుకి రెండు వైర్లు కలిపి టెస్ట్ ల్యాంపు చేసి ఇచ్చాడు. ఆయన నేర్పిన పద్ధతి మొత్తం ఒక్క మాటలో చెప్పొచ్చు: బ్యాటరీ దగ్గర మొదలెట్టు, కరెంటు ఎటు పోతుందో అటు నడు, ప్రతి అతుకు దగ్గరా ఆగి బల్బు పెట్టి చూడు. ఎక్కడిదాకా వెలిగిందో అక్కడిదాకా బాగున్నట్టు. ఎక్కడ ఆరిపోయిందో ఆ అతుక్కీ దాని ముందు అతుక్కీ మధ్య జబ్బున్నట్టు. ఊహించకూడదు. ఏ సామానూ మార్చకూడదు. "మార్చి చూద్దాం అన్నవాడు మెకానిక్కు కాదు, కొట్టువాడికి చుట్టం" అనేవాడు. ఆ పద్ధతిలో లైటు జబ్బు ఫ్యూజు పట్టుకునే రేకు దగ్గర దొరికింది. పచ్చగా చిలుము పట్టి ఉంది. హారన్ జబ్బు సీటు కింద దొరికింది. ఎలుక వైరు కొరికింది. ఎలుక పళ్ళ గుర్తులు చూసినప్పుడు నాకు కలిగిన తృప్తి, పరీక్షలో లెక్క తేలినప్పటిదే. నర్సరీలో పనిచేసే ముత్తక్క నా పక్కన గొంతుక్కూచుని చూసేది. ఎర్రబోరు వైపు దోర్ల తెగ మనిషి, ఇంట్లో మాట్లాడేది దోర్లి, సాబులతో హిందీ, మాతో తెలుగు. "ఏంది సత్తెమ్మా, ఎలుక తిన్నదాన్కి బండి పండుకుంటదా? నేను నాలుగు దినాలు గంజి తాగకున్నా పనికొస్త" అనేది.

ఒక్క జబ్బు మాత్రం దొరకలేదు. పెద్ద జబ్బు అదే, ఏడాదికేడాది ముదురుతూ వచ్చింది. తాళం తిప్పితే ఇంజన్ని లేపాల్సిన సెల్ఫ్ మోటారు ఒకసారి గుర్రుమని ఆగిపోయేది. ఎండ ముదిరాక కొన్నిసార్లు తిరిగేది, పొద్దున పూట దాదాపు ఎప్పుడూ తిరిగేది కాదు. బాబాయి దగ్గర మీటరు అడిగి తెచ్చుకుని కొలిచాను. సెల్ఫ్ కొడుతున్నప్పుడు బ్యాటరీ దగ్గర పన్నెండు వోల్టులు. నల్ల తీగ బ్యాటరీ నెగెటివ్ మీద ఉంచి, ఎర్ర తీగతో ఒక్కొక్క అతుకే ముందుకి పోయి చూస్తే, సెల్ఫ్ మోటారు మొన దాకా పదకొండు పాయింట్ ఆరు అందుతోంది. దారిలో పోతున్నది పాయింట్ నాలుగే. అది పెద్ద నష్టం కాదు. మోటారుకి చేరాల్సింది చేరుతోంది, అయినా తిరగడం లేదు. కాబట్టి మోటారే చెడిందని తేల్చాను. నాన్న దాన్ని విప్పి దంతెవాడ తీసుకెళ్ళి చూపిస్తే అక్కడివాళ్ళు బల్ల మీద పెట్టి గిర్రున తిప్పి చూపించారు. బ్యాటరీ అంతకుముందే మార్చారు. నా లెక్క ఎక్కడ తప్పిందో నాకు అర్థం కాలేదు. ఈలోగా నాన్న తన ఉపాయం తాను చేసుకున్నాడు. సాయంత్రం బండిని షెడ్డు వెనక పల్లం అంచున నిలిపేవాడు. పొద్దున్నే గేరులో వేసి దొర్లిస్తే ఇంజను అందుకునేది. ముత్తక్క వెనక నుంచి తోసేది.

ఈ దొర్లింపు సంగతి టౌన్‌షిప్ తోటలకి అధికారి అయిన గార్డెన్ సాబుకి తెలియకుండా ఎన్నాళ్ళు ఉంటుంది? ఆయన చెడ్డవాడు కాదు. నాన్నని కూర్చోబెట్టి చెప్పాడు. పాత యంత్రాలన్నిటినీ చూడ్డానికి కమిటీ వస్తోంది, విశ్వకర్మ పూజ మర్నాడు పొద్దున. చదును నేల మీద తాళంతో స్టార్టు కావాలి. కాకపోతే కబాడ్ కింద రాసేస్తారు, తుక్కు వేలానికి పోతుంది. "అప్పన్నా, మై అకేలా కుఛ్ నహీ కర్ సక్తా" అన్నాడు, తన ఒక్కడి వల్లా కాదని. బండి పోతే డ్రైవరు అనే కాగితం కూడా పోతుందని ఆయన చెప్పలేదు. చెప్పక్కర్లేదు.

ఆ రాత్రి అన్నాల దగ్గర నాయనమ్మ ఒక్కతే మాట్లాడింది. "ఏటౌతాది? ఊరెళ్ళిపోదుం. కలుపుకెళ్దుం."

"ఊర్లో మనకేటుందే? కలుపెవరి సేలో తీస్తావు?" అన్నాడు నాన్న. ఆ తర్వాత కంచం కడుక్కుని వెళ్ళి ప్రైమరు డబ్బా మూత తీశాడు. బండి బాగా కనపడితే కమిటీ మనసు మెత్తబడుతుందని ఆయన లెక్క. ఆ ఏడు రంగు వేసినంత శ్రద్ధగా ఎప్పుడూ వేయలేదు. ప్రతి బోల్టూ తీశాడు.

పూజనాడు షెడ్డులో యంత్రాలన్నీ వరసగా నిలబెట్టారు. మా ట్రాక్టరు ఆ వరసలో కొత్త పెళ్ళికొడుకులా ఉంది. పానాలు, స్క్రూడ్రైవర్లు, సుత్తులు, కొడవళ్ళు, పారలు, చివరికి గడ్డి కోసే బ్లేడు కూడా పలక మీద పేర్చి కుంకుమ బొట్లు పెట్టారు. ఆ రోజు పనిముట్లకి విశ్రాంతి. మర్నాడు పొద్దున మొదటి సైరన్ కూశాక, నీళ్ళు చల్లి, దండం పెట్టుకుని తీసేదాకా ఎవరూ ముట్టకూడదు. ఆ కట్టుబాటు వల్ల పూజనాడు ఏ బండీ స్టార్టు చేసి చూడరు. అంటే కొత్తరంగు తర్వాత మా బండి లేస్తుందో లేదో ఎవరికీ తెలియదు. బూందీ ప్రసాదం పంచుకుని అందరూ ఇళ్ళకి వెళ్ళారు. నాన్న వెళ్ళలేదు. బండి పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. మధ్యాహ్నం డ్యూటీ దిగిన ఏసుదాసు బాబాయి, నేనూ వెళ్ళేసరికి అలాగే ఉన్నాడు.

"ఒక్కసారి కొలిచి చూద్దాం నాన్నా" అన్నాను.

"పనిముట్టు ముట్టకూడదమ్మా ఇయాల."

"నా మీటరు నీ పూజలో పెట్టలేదు కదన్నా" అన్నాడు బాబాయి. "దానికి సెలవెవరిచ్చారు? అది మా మతంలో ఉంది. ఆదివారమే దానికి సెలవు."

నాన్నకి నవ్వొచ్చింది గానీ ఒప్పుకోలేదు. "మీటరు సరే. తాళం తిప్పాల కదా. బండి లేస్తే పనిచేసినట్టే కదా."

పూజ పూలు ఏరడానికి ఉండిపోయిన ముత్తక్క తల తిప్పకుండానే అంది: "లేస్తే గదా అన్నా. లేవదు గద. లేవని బండికి తాళం తిప్పితే తప్పేంది?"

నాన్న స్టూలు మీంచి లేచాడు. ఎక్కి సీటు మీద కూర్చున్నాడు. ఈ కొలతకి ఇద్దరు మనుషులు కావాలి. సెల్ఫ్ కొడుతున్నంతసేపే అంకె కనపడుతుంది, ఒకరు తాళం పట్టుకోవాలి, ఒకరు మీటరు చూడాలి. నాన్న కళ్ళు మూసుకుని తాళం తిప్పాడు. గుర్రుమంది, ఆగింది. నేను పాత పద్ధతిలోనే కొలిచాను. పాత అంకెలే వచ్చాయి. మొన దాకా పదకొండు పాయింట్ ఆరు.

బాబాయి మీటరు వైపు చూడలేదు. కంచెకి అవతల ఖనిజం నింపుకున్న గూడ్సు కదులుతోంది, కరెంటు ఇంజను లాగుతోంది. దాన్ని చూస్తూ అడిగాడు: "సత్తీ, ఆ ఇంజనుకి కరెంటు ఎక్కడినుంచొచ్చింది?"

"పై తీగ నుంచి."

"వచ్చినదంతా ఇంజను తినేత్తాదా? ఎనక్కి ఎల్లక్కర్లేదా?"

"పట్టాల్లోంచి వెళ్తుంది. చక్రాల్లోంచి పట్టాల్లోకి."

"పట్టాకీ పట్టాకీ అతుకు దగ్గర రాగితీగ ఎందుకు కడతాం మరి? ఇనుముకి ఇనుము తగిలే ఉంటాది కదా."

ఆయన చెప్పాడు. తగిలినట్టు కనపడినంత మాత్రాన కరెంటుకి దారి ఉన్నట్టు కాదు. అతుకు మధ్య తుప్పు చేరితే తిరుగు కరెంటు అక్కడే ఆగిపోతుంది. వచ్చే దారి ఎంత బాగున్నా, పోయే దారి మూసుకుంటే వచ్చేది కూడా రాదు. "నీ నల్ల తీగ ఎక్కడ పెట్టేవు? బ్యాటరీ మీద. అంటే వచ్చే దారే కొలిచేవు. పోయే దారి నీ లెక్కలో లేనే లేదు."

నల్ల తీగ తీసి సెల్ఫ్ మోటారు ఒంటి మీదే పెట్టాను, ఎర్ర తీగ దాని మొన మీద. నాన్న మళ్ళీ తాళం తిప్పాడు. ఆరున్నర. అన్నాళ్ళూ పదకొండు పాయింట్ ఆరు చేరుతోందనుకున్న మోటారుకి నిజంగా దక్కుతున్నది ఆరున్నర వోల్టులే. బ్యాటరీలో పన్నెండు. వచ్చే దారిలో పోయింది పాయింట్ నాలుగు. మోటారు వాడుకున్నది ఆరున్నర. రెండూ కలిపితే ఆరు పాయింట్ తొమ్మిది. మిగిలిన ఐదు పాయింట్ ఒకటి ఎక్కడో ఉండాలి. కరెంటు లెక్కలో మాఫీలు ఉండవు, పోయినదంతా ఎక్కడో ఒకచోట కనపడి తీరాలి. మోటారు ఒంటి మీద ఒక తీగ, బ్యాటరీ నెగెటివ్ మొన మీద ఒక తీగ పెట్టి మళ్ళీ తిప్పమన్నాను. ఐదు పాయింట్ ఒకటి. ఒక్క పాయింటు కూడా అటూ ఇటూ లేదు. చేతిలో మీటరు ఉండగానే ఎంత సంతోషించానో, మరుక్షణం అంత చల్లబడ్డాను. తీగ కొసని కొంచెం కొంచెం జరుపుతూ పోతే ఆ ఐదు వోల్టులూ ఒక్కచోటే పోతున్నాయి. నెగెటివ్ కేబుల్‌ని బండి చట్రానికి బిగించిన బోల్టు దగ్గర. తుప్పు ఎక్కడా లేదు. నిగనిగలాడే ఆకుపచ్చ రంగు, దాని కింద ఎర్ర ప్రైమరు, దాని కింద పోయినేటి ఆకుపచ్చ, ఇలా ఎన్ని పూజలో. నాన్న అన్నిచోట్లా చేసినట్టే అక్కడ కూడా బోల్టు తీసి, కింద నిండా రంగు పూసి, ఆరబెట్టి, బిగించాడు. బోల్టు మరచుట్ల ఒరిపిడికి రంగు లేచినచోట సన్నగా ఏ కొంచెమో తగులుతోంది. అంతే. బద్ధకస్తుడైన డ్రైవరు బండికి ఈ జబ్బు రాదు.

బాబాయికి నాకంటే ముందే అర్థమైందనుకుంటాను. ఆయన ముత్తక్క ఏరుతున్న పూల దగ్గరికి వెళ్ళి ఏవో పూల పేర్లు అడగడం మొదలెట్టాడు. చెప్పాల్సింది నేను.

"దొరికిందా?" అన్నాడు నాన్న సీటు మీంచి.

"దొరికింది. బోల్టు కింద."

"తుప్పా?"

"రంగు."

ఆయన దిగి వచ్చి వంగి చూశాడు. వేలితో తడిమాడు. "ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు. నేను తెలియదన్నాను. తెలుసు. ప్రతి ఏడూ పూజ తర్వాతే జబ్బు ఎక్కువయ్యేది. ఆ లెక్క ఆయనకీ ఆ క్షణంలోనే తేలిందని మొహం చూస్తే అర్థమైంది. "నానే సంపుకున్నానన్నమాట దీన్ని" అన్నాడు. పొద్దున పాలు విరిగాయని చెప్పినట్టు చెప్పాడు.

"పానా తీసి ఇప్పుడే గీకేద్దాం నాన్నా. ఐదు నిమిషాల పని."

పలక మీద కుంకుమ బొట్లతో పానాలు వరసగా ఉన్నాయి. ఆయన వాటి వైపు చూశాడు, ముత్తక్క వైపు చూశాడు, ఆవిడ పూలు ఏరుకుంటూనే ఉంది. "రేపు సైరన్ అయ్యాక" అన్నాడు. కమిటీ కూడా రేపు పొద్దునే కదా అన్నాను. "సైరన్‌కీ ఆళ్ళ జీపుకీ మధ్య టైముంటాది. ఇన్నాళ్ళూ ఒక్క మూల వదలకుండా సేసినోణ్ణి, ఇయాల మూల దొరికిందని నియమం తప్పమంటావా?" బాబాయి పూల దగ్గర్నుంచే, "ఒగ్గేయే సత్తీ. తానే ఏసిన రంగు గీకడానికి మీ నాన్నకి టైము గావాల" అన్నాడు.

మర్నాడు సైరన్ కూసేసరికి నాన్న స్నానం చేసి షెడ్డులో ఉన్నాడు. నీళ్ళు చల్లాడు, దండం పెట్టాడు, పలక మీంచి మొదటి పానా తీశాడు. నేను చెయ్యి చాపితే ఇవ్వలేదు. బోల్టు విప్పి, కేబుల్ కొసనున్న రింగు పక్కకి తీసి, గరుకు కాగితంతో తనే గీకాడు. ఆకుపచ్చ, ఎరుపు, ఆకుపచ్చ, ఎరుపు, ఒక నీలం కూడా వచ్చింది. అది జపాను రంగు అయి ఉండాలి. దాని కింద ఇనుము తెల్లగా వచ్చేదాకా గీకుతూనే ఉన్నాడు. ఆ దుమ్ము ఆయన మోకాళ్ళ మీద పడింది. గ్రీజు రాసి బిగించి, సీటెక్కి, నా వైపు చూశాడు. నేను తిరుగుదారి రెండు కొసలా తీగలు పెట్టి తల ఊపాను. ఈసారి కళ్ళు మూసుకోలేదు. మీటరులో పాయింట్ రెండు చూశానో లేదో, ఇంజను అందుకుంది. పొగగొట్టం మీద ముత్తక్క పెట్టిన బంతిపువ్వు ఎగిరి అవతల పడింది.

కమిటీ ముందు గార్డెన్ సాబు ఎక్కడ పల్లం లేదో చూసి మరీ చదును నేల మీద నిలబెట్టించాడు. వాళ్ళలో ఒకాయన తానే తాళం తిప్పాడు. ఆపాడు. మళ్ళీ తిప్పాడు. ముచ్చటగా మూడోసారి. ప్రతిసారీ లేచింది. "ఇస్‌మే క్యా ఖరాబీ థీ?" అని సాబుని అడిగాడు, ఏమి చెడిందని. సాబు నాన్న వైపు చూశాడు. బ్యాటరీ అనో సెల్ఫ్ అనో ఒక మాట చెప్పి ఊరుకోవచ్చు. నాన్న బోల్టు చూపించి, వచ్చీరాని హిందీలో, "సాబ్, మేరా రంగ్ ఖరాబీ థా" అన్నాడు, చెడుపు తన రంగేనని. వాళ్ళకి అర్థమైందో లేదో. బండి పేరు తుక్కు జాబితాలోకి ఎక్కలేదు. నాన్న పేరు కాంట్రాక్టులో ఉండిపోయింది.

జీపు వెళ్ళాక ఆయన షెడ్డు మూల నుంచి ఆకుపచ్చ డబ్బా తెచ్చాడు. నేను మీటరు అందుకున్నాను. ఆయన బ్రష్షు ముట్టలేదు. చిటికెన వేలి కొస ముంచి, గీకినచోట వాషరు చుట్టూ బయటికి కనపడుతున్న తెల్ల ఇనుము మీద అంచు వెంబడి పూశాడు. కిందికి వెంట్రుకవాసి కూడా పోనివ్వలేదు. మళ్ళీ కొలిచాను. పాయింట్ రెండే. తర్వాతి పూజల్లో కూడా అన్ని బోల్టులూ తీశాడు, ఆ ఒక్కటీ తప్ప.

ఆ బండి ఆపైన చాలా ఏళ్ళు నడిచి, చివరికి ఇంజను బొత్తిగా అరిగిపోయి తుక్కులోకి పోయింది. అప్పటికి నాన్నకి చూపు తగ్గింది, నాకు గీదంలో కొట్టు ఉంది. నాయనమ్మ పోయి అప్పటికే చాన్నాళ్ళయింది. ముత్తక్క ఎర్రబోరు తిరిగి వెళ్ళిపోయిందని విన్నాను, అంతకుమించి తెలియదు. ఇప్పుడు బీజాపూర్ నుంచీ గొల్లపల్లి దాకా ఊళ్ళ నుంచి రైతులు చిన్న చిన్న దుక్కి యంత్రాలు జీపుల్లో వేసుకొస్తారు. వస్తూనే "మేడం, బ్యాటరీ బదల్ దో" అంటారు. చాలామందికి బ్యాటరీ మార్చి పంపడమే వాళ్ళకీ నాకూ సుఖం. అయినా ముందు కొలుస్తాను. ఇప్పటి మీటర్లు పాయింటు తర్వాత మూడు అంకెలు చూపిస్తాయి. దొరికిన జబ్బుల్లో సగానికి పైగా తిరుగుదారిలోవే. ఆ రోజుల కంటే ఈ రోజులు పనికి తేలిక. దాన్ని కాదనడానికి నా దగ్గర కారణమేమీ లేదు.

ఒక్క తేడా మాత్రం రాసి ముగిస్తాను. సెల్ఫ్ కొట్టేటప్పుడు కొలవడానికి అప్పట్లో రెండో మనిషి ఉండాలని చెప్పాను కదా. ఆ షెడ్డులో నేనున్నన్నాళ్ళూ ఆ రెండో మనిషి నాన్నే. నేను తీగలు పెట్టి తల ఊపేదాకా తాళం మీద చెయ్యి వేసుకుని చూసేవాడు. ఇప్పుడు తాళం తిప్పే పని చేసిపెట్టే, రెండు కొక్కేలున్న చిన్న బొత్తాం దొరుకుతుంది. సెల్ఫ్ మీద తగిలించి, ఒక చేత్తో అది నొక్కుతూ, మీటరు చూస్తూ, మొత్తం ఒక్కదాన్నే చేసుకుంటాను. అంకెల్లో ఏ తేడా రాదు.